వాడే మనిషి లేరు

తొమ్మిదో భాగం

పోయిన వారం కోడల్ని తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, చేతిలో ఒంటికాడ కళ్ళజోడుతో నిలబెట్టి వదిలేశాం. అవతలినుంచి భర్త ఒకే ఒక్క మాట చెప్పాడు.

"అమ్మని శనివారం ఇంటికి పంపించేస్తారట!"

ఇంటి పెద్దదిక్కు చావు గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగొస్తోందంటే ఎవరైనా ఎగిరి గంతెయ్యాలి. కోడలు మాత్రం హడలిపోయింది. ఎందుకో మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి తెలుసు. తెలియనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను.

వాళ్ళ అత్తగారిని చుట్టుపక్కల వీధులన్నీ బైండరమ్మ అంటాయి. నలభై ఏళ్ళపాటు బళ్ళకీ లైబ్రరీలకీ పుస్తకాలు కుట్టి, అట్టలు వేసి, ఆ చేతుల మీదే కొడుకుని పెంచిన మనిషి. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి పడిపోయింది. వారం తిరిగేసరికి డాక్టర్లు పెదవి విరిచారు. లిఫ్టులు బాగుచేసే ఆ కొడుకు పని మానుకుని ఆస్పత్రి బెంచీకి అతుక్కుపోయాడు. ఇంట్లో కోడలు అత్తగారి గది ముందు నిలబడింది. ఉన్నవి రెండే గదులు. కూతురికి పరీక్షలు. ఆ గది నిండా చక్రం తిప్పి బిగించే ఇనప ప్రెస్సు, పొడుగు బల్ల, అట్టల కట్టలు, దారపు ఉండలు. ఫోను తీసి అన్నింటికీ ఫొటోలు కొట్టింది. పాత సామాను ఊరికే ఇచ్చేవాళ్ళూ ఊరికే పుచ్చుకునేవాళ్ళూ మూడువేలమంది ఉన్న "మా వాడకట్టు" గ్రూపులో పెట్టేసింది. కింద ఇలా రాసింది: "మా అత్తగారివి. ఇక వాడే మనిషి లేరు. ఎవరికైనా పనికొస్తే తీసుకెళ్ళండి."

'లేరు' అని రాస్తున్నప్పుడు ఆమె ఉద్దేశం ఏమిటో ఆమెకే తెలియదు. చదివినవాళ్ళకి మాత్రం ఒకటే అర్థమైంది. గంట తిరక్కుండా ఓదార్పులు వరస కట్టాయి. అయ్యో అన్నవాళ్ళు, ఆవిడ ఆత్మకి శాంతి కలగాలన్నవాళ్ళు. "కాదండీ, ఆవిడ బతికే ఉన్నారు" అని రాయడానికి అరనిమిషం పట్టదు. ఆమె రాయలేదు. అందరికీ ఒక దండం బొమ్మ పెట్టుకుంటూ పోయింది. రెండురోజుల్లో గది ఖాళీ. భర్తకి, "సామానంతా మా దుకాణం గోడౌనులో భద్రంగా పెట్టించాను" అని చెప్పింది. ఆ తర్వాత వారం కూతురు ఆ గదిలో పుస్తకాలు సర్దుకుంది.

బైండరమ్మ పోలేదు. మొదట కన్ను తెరిచింది. తర్వాత నాలుక కూడదీసుకుంది. తర్వాత ఎడమచేత్తో చెంచా పట్టుకుంది. ఇప్పుడు ఏకంగా ఇంటికే వస్తోంది.

"వింటున్నావా?" అన్నాడు భర్త ఫోనులో.

"ఆ, వింటున్నా. మంచి మాట చెప్పారు."

"కుడిచేతికి కసరత్తు కావాలట. చక్రంలాంటిదేదన్నా రోజూ కాసేపు తిప్పిస్తే పట్టు వస్తుందంటోంది ఇక్కడి కసరత్తుల అమ్మాయి. అమ్మ ప్రెస్సు ఉందిగా! గోడౌనులోంచి తెప్పించగలవా?" కాస్త ఆగి, "నీకు కుదిరితేనే. కుదరకపోతే నాకు చెప్పు. నాకు ఏమైనా చెప్పచ్చు నువ్వు," అన్నాడు.

అతను కసిరినా ఇంత బాధ ఉండేది కాదు. ఆ మెత్తని గొంతు ఆమె చెంప మీద కొట్టినట్టు తగిలింది.

"అమ్మా," అన్నాడు ఎదురుగా కూర్చున్న ముసలి ఖాతాదారు, "ఎడమ కాడ పట్టుకొచ్చి కుడివైపు బిగిస్తున్నావు. నాకు చూపు ఆనదని నువ్వు కూడా అలాగే చెయ్యాలా?"

దుకాణం యజమానురాలు తలెత్తి ఆమె మొహం చూసి, "మధ్యాహ్నం సెలవు తీసుకో. ఇంకో నాలుగు జోళ్ళు ఇలాగే బిగించావంటే దుకాణం మూసుకోవాలి," అంది.

ప్రెస్సు తీసుకున్నాయన గ్రూపులో పెట్టుకున్న పేరు డ్రిల్లు మాస్టారు. ఆమె ఆయన్ని చూడలేదు. ఆ రోజు తోపుడుబండి మీద ప్రెస్సు ఎక్కిస్తుంటే కర్టెను వెనక నిలబడి, పిల్ల చేత "అమ్మకి ఒంట్లో బాగాలేదు" అని చెప్పించింది. ఇప్పుడు మెసేజి పెట్టింది: 'మాస్టారూ, ప్రెస్సు గురించి మాట్లాడాలి. ఒకసారి రావచ్చా?' తేనీరు చల్లారేలోగానే జవాబు వచ్చింది. 'తప్పకుండా రా అమ్మా. నీకు ఇవ్వాల్సింది ఒకటుంది. నేనే వద్దామనుకుంటున్నా.'

బస్సులో కూర్చుని అబద్ధాలు ఏరుకుంది. ఆడపడుచు గుర్తుగా అడుగుతోందని చెప్పచ్చు. కానీ ఆడపడుచు లేదు. ఉందని చెప్పినా ఆయనకేం తెలుస్తుంది? పిల్ల నేర్చుకుంటానంటోందని చెప్పచ్చు. అదే నయం. పిల్ల మీద పెడితే ఎవరూ కాదనరు. ఆ ఆలోచన వచ్చిన మరుక్షణమే తన మీద తనకే ఏవగింపు పుట్టింది. ఇచ్చినదాన్ని మళ్ళీ అడగడమే సిగ్గుమాలిన పని, దానికి కన్నకూతురి పేరు కూడానా! అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అత్తగారే అంటూ ఉండేది. తను అడుసు తొక్కడం కాదు, అందులో మోకాలి లోతు దిగబడింది.

మాస్టారిది వరస ఇళ్ళలో చివరి ఇల్లు, మూడు మెట్లు. తలుపు తెరిచే ఉంది. డెబ్భై దాటిన మనిషి, కురచగా కత్తిరించిన తెల్లజుట్టు, కర్రలా నిటారైన వెన్ను. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లల చేత వ్యాయామాలు చేయించిన గొంతు కావడంతో ఆయన "కూర్చో!" అంటే గోడ అవతల పక్కింటివాళ్ళు కూడా కూర్చునేలా ఉంది.

ఆమె కూర్చుంది. కూర్చోగానే ప్రెస్సు కనిపించింది.

కిటికీ పక్కన ఎత్తుబల్ల మీద ఉంది. ముందు గుర్తుపట్టలేకపోయింది. అత్తగారి గదిలో అంచులు తుప్పు పట్టి ఉండేది. ఇక్కడ తుప్పంతా గీకి, నూనె రాసి, చక్రాన్ని అద్దంలా తోమారు. దాని పక్కన చిరిగిన బడిపుస్తకాలు, ఒక్కోదాని మీద ఎవరిదో పేరు రాసిన చీటీ. పెద్దాసుపత్రిలో చీటీలు పట్టుకుని కూర్చున్న రోగుల్లా వరసగా ఉన్నాయి.

"చుట్టుపక్కల పిల్లలవి," అన్నాడు మాస్టారు. "ఊరికే కుట్టి ఇస్తున్నా. మొదటి పుస్తకం అడ్డంగా కుట్టాను. రెండోది తలకిందులుగా. మూడోదానికి చెయ్యి తిరిగింది. మీ అత్తగారు చూసి ఉంటే నా చెవి మెలేసేది." ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "అంత మనిషి పోయిందని గ్రూపులో చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. కడసారి చూపు కూడా దక్కలేదు."

ఇదే సమయం అనుకుంది ఆమె. నోరు తెరిచింది. "మాస్టారూ, ఆ ప్రెస్సు మా పిల్ల..."

"ఆవిడ నాకేం చేసిందో తెలుసా నీకు?" ఆయనకి ఆమె మాట వినపడలేదు. "ఉద్యోగంలో చేరిన కొత్త. మర్నాడు పైఅధికారి తనిఖీ. హాజరు పట్టీ మీద సిరాబుడ్డి మొత్తం దొర్లించేశాను. ఉద్యోగం పోతుందని వరండా చివరికెళ్ళి ఏడుస్తున్నా. ఇంతెత్తు మనిషిని, ఈల మెళ్ళో వేసుకుని ఏడుస్తున్నా! ఆవిడ అక్కడే కూర్చుని బడి పుస్తకాలు కుడుతోంది. 'ఇలా తే' అంది. తడిసిన కాయితాలు కోసేసి కొత్తవి పెట్టింది. నేను పేర్లన్నీ తిరగరాశాను. సాయంత్రానికి కుట్టి, ఇదిగో ఈ ప్రెస్సులోనే బిగించి నా చేతిలో పెట్టింది. 'ఎవరికీ చెప్పనులెండి మాస్టారూ, కాయితం అన్నాక తడుస్తుంది' అంది. చచ్చేదాకా చెప్పలేదు చూడు! ఆవిడ కుట్టింది హాజరు పట్టీ కాదమ్మా, నా పరువు."

లోపల వంటింట్లో గిన్నె ఏదో జారి పడింది. "ఏమైందే?" అని అరిచాడు మాస్టారు. "ఏం లేదండీ," అంది ఆయన భార్య గొంతు. గుమ్మంలో ఒక్క క్షణం ఆవిడ మొహం కనిపించింది. గుండ్రటి మొహం, కంగారు కళ్ళు. కోడలిని చూసి, ఏదో చెప్పబోయి, మళ్ళీ లోపలికి తప్పుకుంది.

మాస్టారు లేచి అలమార తెరిచి ఒక పుస్తకం తెచ్చాడు. ఎర్రటి గుడ్డతో అట్ట వేసిన లావుపాటి పుస్తకం. రెండు చేతులతో పట్టుకుని ఆమె ఒళ్ళో పెట్టాడు.

"తీసి చూడు."

మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో 'బైండరమ్మ జ్ఞాపకార్థం' అని ఉంది. గ్రూపులో తొంభై ఆరుమంది రాసిన మాటలన్నీ ఒక్కొక్కటీ ఆయన సొంత దస్తూరీతో దించాడు.

ఆమె చేతులు వాటంతట అవే పేజీలు తిప్పాయి.

'మా వాడి నిఘంటువు రెండుసార్లు కుట్టింది. రెండోసారి, నాయనా దీన్ని చదవాలి గానీ దీనితో కుస్తీ పట్టకూడదు అంది.'

'లైబ్రరీలో పనిచేసేదాన్ని. బైండరమ్మ కుట్టిన పుస్తకం తెరిస్తే తెరిచినట్టే ఉండేది. మూసుకుపోవడం నేను చూడలేదు.'

'నా పెళ్ళయిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడలేకపోయేదాన్ని. వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టుకుని దారం ఎక్కించమనేది. ఆవిడకి సూదిలో దారం ఎక్కించుకోవడం రాకనా!'

ఇవన్నీ ఆమె ఫోనులో చూసినవే. చూసింది గానీ చదవలేదు. అప్పుడు అవి ఒకదాని కింద ఒకటి పడుతుంటే, ఎంత తొందరగా ఈ పని తెమిలితే అంత మంచిదని వేలితో పైకి తోసేసింది. తను పదిహేనేళ్ళు ఒకే కప్పు కింద కలిసి బతికిన మనిషి గురించి ఇంతమందికి తెలిసిన సంగతులు తనకి తెలియవు.

అప్పుడు కనిపించాయి దండాలు.

ఒక్కో మాట కింద సిరాతో గీసిన రెండు చిన్న చేతులు. కొన్ని వంకరగా, కొన్ని ఆరేసి వేళ్ళతో.

"అవి నీవే," అన్నాడు మాస్టారు కాస్త సిగ్గుపడుతూ. "ప్రతివాళ్ళకీ నువ్వు దండం పెట్టావు కదా. అంత దుఃఖంలో కూడా ఒక్కర్ని వదల్లేదు. అది లేకుండా పుస్తకం నిండదనిపించింది. నాకు బొమ్మలు రావు. మొదట్లో చేతులు గీస్తే వంకాయల్లా వచ్చాయి. పోనుపోను కుదిరాయి."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. తొంభై ఆరుసార్లు! టీవీ చూస్తూ, కూర కలుపుతూ, బొటనవేలితో నొక్కిపారేసినవాటిని ఈ పెద్దాయన కళ్ళజోడు సవరించుకుంటూ ఒక్కొక్కటే కూర్చుని గీశాడు.

"చివరి పేజీ ఖాళీగా ఉంచాను," అంటూ ఆయన జేబులోంచి కలం తీసి మూత విప్పి ఆమె చేతికిచ్చాడు. "కోడలిగా నాలుగు ముక్కలు నువ్వు రాస్తే ఇది పూర్తవుతుంది. తర్వాత పుస్తకం, ప్రెస్సు రెండూ నువ్వే పట్టుకెళ్ళు. దాని గురించే కదా వచ్చావు? నాకు అర్థమైంది. ఇంట్లో మనిషి గుర్తు. ఇచ్చేశాక బెంగ పట్టుకుని ఉంటుంది. అడగడానికి మొహమాటపడకు తల్లీ."

చూశారా! ఆమె బస్సులో ఏరుకున్న అబద్ధాల్లో ఒక్కటి కూడా ఖర్చు కాలేదు. ఆయనే ఒక అబద్ధాన్ని వడ్డించిన విస్తరిలా ముందు పెట్టాడు. ఊ అంటే చాలు. నాలుగు మంచిమాటలు రాసి, ప్రెస్సు బండెక్కించుకుని వెళ్ళిపోవచ్చు. శనివారానికి అది గదిలో ఉంటుంది. భర్తకి తెలియదు, అత్తగారికి తెలియదు.

ఆమె పుస్తకం చివరి పేజీ తెరిచింది. 'మా అత్తగారు' అని రాసింది. తర్వాత రాయాల్సిన మాట 'ఉండేవారు' అనో 'అనేవారు' అనో అవ్వాలి. కలం కదలలేదు. చుక్క సిరా ఒకటి జారి కాయితం మీద పడి, చుట్టూ పాకింది.

"రాయలేను," అంది.

"ఏడుపొస్తే ఏడువు. తొందరేముంది?"

"అది కాదు మాస్టారూ. ఆవిడ..." ఆమె కలం పక్కన పెట్టింది. నేల వంక చూస్తూ ఒక్క గుక్కలో చెప్పేసింది. "ఆవిడ పోలేదు. బతికే ఉన్నారు. శనివారం ఇంటికొస్తున్నారు."

ఆమె తిట్టు కోసం కాచుకుని కూర్చుంది. ఇంత గొంతున్న మనిషి తిడితే వీధి వీధంతా వింటుంది, వింటే వినని అనుకుంది.

మాస్టారు తిట్టలేదు.

"బతికుందా?" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "నిజంగా? బైండరమ్మ బతికే ఉందా?" కుర్చీలోంచి లేచి వంటింటివైపు తిరిగి, "ఏమేవ్! విన్నావా! బైండరమ్మ బతికే ఉందిటే! ఎవడో తప్పు చెప్పాడు!" అని అరిచాడు. కళ్ళలో నీళ్ళు. అరచేతులు రెండూ కలిపి రుద్దుకుంటూ ప్రెస్సు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. "మాట్లాడుతోందా? అన్నం తింటోందా? ఏ ఆస్పత్రి? రేపు చూడ్డానికి వస్తాను. రేపెందుకు, ఇప్పుడే..."

ఆయన సంతోషం చూస్తుంటే ఆమెకి భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. కొట్టేవాడి ముందు తల వంచుకోవచ్చు. తన వల్ల ఇన్నాళ్ళు ఏడ్చి, ఇప్పుడు తన ముందే నవ్వుతున్నవాడి ముందు ఏం చెయ్యాలి?

"ఎవరూ తప్పు చెప్పలేదు మాస్టారూ. నేనే రాశాను. వాడే మనిషి లేరని."

ఆయన అడుగు ఆగిపోయింది.

"అప్పుడు డాక్టర్లు ఆశ లేదన్నారు. గది కావాలి. త్వరగా ఖాళీ చెయ్యాలి. ఆవిడ పోయారని జనం అనుకుంటున్నారని తెలిసింది, తెలిసీ ఊరుకున్నాను. పోయినవాళ్ళవంటే తొందరగా వచ్చి తీసుకెళ్తారు కదా అనిపించింది." చివరిమాట నోరు దాటాక అది ఎంత నీచంగా ఉందో ఆమె చెవులకే వినిపించింది. "ఆవిడ ఇంకా ఊపిరి తీస్తుండగానే..."

మాస్టారు మెల్లగా కూర్చున్నాడు. ఆమె ఒళ్ళోంచి పుస్తకం తీసుకుని ఒక పేజీ తెరిచి చూపించాడు. అది ఆయన రాసుకున్న మాటే. కింద చేతులు.

"నాకు కూడా దండం పెట్టావే," అన్నాడు. ఆ గొంతు అంత తగ్గుతుందని ఆమె అనుకోలేదు. "నా చేత తొంభై ఆరు దండాలు గీయించావు కదమ్మా."

ఆమె మొహాన్ని చేతుల్లో దాచుకుంది. ఆయన పుస్తకం మూశాడు.

"ప్రెస్సు ఆవిడది. నువ్వు అడిగినా అడక్కపోయినా ఆవిడ దగ్గరికే వెళ్ళాలి. రేపు పొద్దున్నే నేనే చేరుస్తా. కానీ ఒకటి. ఆ తొంభై ఆరుమందికీ నేను చెప్పను. నాకు నోరు రాదు. నువ్వే చెప్పాలి."

"ఇంటికెళ్ళి..."

"ఇంటికెళితే నీకు ధైర్యం చాలదు. ఇక్కడే. కూర్చో." లేవబోయిన ఆమె మళ్ళీ కూర్చుంది.

ఫోను తీసింది. మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపింది. మొదటిసారి 'పొరపాటు జరిగింది' అని వచ్చింది. ఎవరి పొరపాటో అందులో లేదు. రెండోసారి డాక్టర్లని ముందు పెట్టింది. మూడోసారి పిల్ల పరీక్షలు వచ్చిపడ్డాయి. నాలుగోసారి రాసింది ఆయనకి పైకి చదివి వినిపించింది.

"మా అత్తగారు బైండరమ్మ బతికే ఉన్నారు. మూడు నెలల కిందట ఆవిడ లేరని రాసింది నేనే. మీరంతా ఆవిడ పోయారనుకుంటున్నారని తెలిసి కూడా దిద్దలేదు. ఎవరి ప్రమేయమూ లేదు. తప్పు నాది. మీ అందరికీ, ఆవిడకీ క్షమాపణ."

మాస్టారు తలూపాడు. ఆమె కళ్ళు మూసుకుని పంపించేసింది. పోయింది. ఇక వెనక్కి రాదు.

"అయ్యో అమ్మాయ్!"

వంటింటి గుమ్మంలో మాస్టారి భార్య. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఎంత పని చేశావు! ఎవరి ప్రమేయమూ లేదని రాసేశావే! నిన్న అతను వచ్చి రాసింది తనేనన్నాడే!"

"ఎవరు పిన్నిగారూ?"

"మీ ఆయన!" ఆవిడ వచ్చి పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. "నిన్న ఈయన పార్కుకి వెళ్ళినప్పుడు వచ్చాడు. నువ్వు కూర్చున్న ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. 'మా అమ్మ బతికే ఉందండీ. మా ఆవిడ ఫోనులోంచి అది రాసింది నేనే. ఆవిడకేం తెలియదు. తిట్టదలుచుకుంటే నన్ను తిట్టండి,' అన్నాడు. బల్ల తీసుకున్నవాళ్ళింటికి, అట్టలు తీసుకున్నవాళ్ళింటికి, అందరిళ్ళకీ అలాగే వెళ్ళొచ్చాడట. ఒక్కటి కూడా తిరిగి ఇమ్మని అడగలేదు. 'మా ఆవిడ వచ్చి అడిగితే మాత్రం ఏమీ అనకుండా ఇచ్చెయ్యండి. నేను వచ్చినట్టు చెప్పకండి. తను సిగ్గుపడుతుంది,' అన్నాడు. నా చేత మాట తీసుకున్నాడమ్మా. అందుకే ఈయనకి కూడా చెప్పకుండా నిన్నటినుంచీ నోరు కట్టేసుకుని గిన్నెలు జారవిడుచుకుంటున్నా!"

"నాకు కూడా చెప్పలేదా?" అన్నాడు మాస్టారు.

"మీకు చెబితే వీధికి చెప్పినట్టే కదండీ!"

కోడలికి ఆ మాటలేవీ వినిపించడం లేదు. "ఎప్పటినుంచి తెలుసట ఆయనకి?"

"రెండు నెలలైందన్నాడు."

రెండు నెలలు! రెండు నెలలుగా అతను ప్రతి సాయంత్రం ఆస్పత్రినుంచి వచ్చి, ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె వడ్డించింది తిని, "గోడౌనులో చెద పట్టకుండా చూస్తున్నారా?" అని అడిగేవాడు. ఆమె "ఆ, చూస్తున్నారు" అనేది. తెలిసి అడిగాడన్నమాట. నిలదీయడానికి కాదు. ఆ ఒక్క ప్రశ్న దగ్గర తను నోరు విప్పుతుందేమోనని తలుపు తెరిచి పట్టుకున్నాడు, రోజూ. ఆమె రోజూ ఆ తలుపు మూసింది. పొద్దున ఫోనులో కూడా అదే. నాకు ఏమైనా చెప్పచ్చు నువ్వు అన్నాడు.

ఆమె ఇంతదాకా ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది. మాస్టారి భార్య ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి ఆ నిమిరే చెయ్యి ఆగింది.

"ఇంకో సంగతుంది అమ్మాయ్. ఇది మీ ఆయనకి కూడా తెలియదు."

ఆమె తలెత్తింది.

"నిన్న అతను ఒక్కడే రాలేదు. వీధిలో అద్దె కారు ఆగి ఉంది. మాట్లాడ్డం అయ్యాక, మంచినీళ్ళ సీసా కొనుక్కొస్తానని వీధి చివరికి వెళ్ళాడు. కారులో ఎవరో పెద్దావిడ ఉన్నారు, ఎండగా ఉంది, మనింట్లో నీళ్ళు లేవా అని నేనే గ్లాసు పట్టుకెళ్ళా. తెల్లజుట్టు, కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. మా కిటికీలోంచి లోపలికి చూస్తోంది. ఆ ప్రెస్సు వంకే."

"అత్తయ్య..."

"ఏదో పరీక్షకి బయటికి తీసుకెళ్ళి మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్తున్నాడట. స్నేహితుడి ఇల్లని చెప్పి ఇక్కడ ఆపాడు. ఆవిడకి మాట ముద్దగా వస్తోంది. చెవి దగ్గర పెట్టుకుని వినాల్సి వచ్చింది. 'నేను చచ్చిపోయానని రాసింది ఆస్పత్రి ఆయా ఫోనులో చూశాను. అన్నీ చదివించుకున్నాను. మావాడికి నాకు తెలుసని తెలియదు. తెలియనివ్వద్దు,' అంది. తర్వాత, 'ఈ వారంలో మా కోడలు మీ దగ్గరికి వస్తుంది. వస్తే ఒక్క మాట చెప్పండి,' అంది."

"ఏం మాట పిన్నిగారూ?"

ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన కూడా చెప్పమన్నట్టు తలాడించాడు.

"'శనివారం నేను ఆ ఇంటికి రావడం లేదు. పిల్లని గది ఖాళీ చెయ్యనివ్వద్దు. నాకు వేరే చోటు దొరికింది,' అని చెప్పమంది."

"చోటా? ఆవిడకి ఎక్కడ చోటు? లేచి రెండడుగులు వెయ్యలేరు. ఎవరున్నారు ఆవిడకి మేం కాక?"

"నేనూ అదే అడిగానమ్మా. నవ్వింది. 'మా కోడలి గ్రూపులోనే దొరికింది. ఎవరో గది ఊరికే ఇస్తామన్నారు. నాకు కావాలని రాయించాను,' అంది. అంతలో మీ ఆయన నీళ్ళ సీసాతో వచ్చేశాడు."

కోడలు ఫోను అందుకుంది. అప్పటికే తన క్షమాపణ కింద మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఏవీ చదవకుండా కిందికి తోసుకుంటూ పోయింది. కుర్చీలు, సైకిళ్ళు, పాత ఫ్రిజ్జు, పిల్లల ఉయ్యాల. ఇవాళ్టివి, నిన్నటివి, మొన్నటివి. అప్పుడు కనిపించింది. తెల్లగోడల చిన్నగది. ఒంటిమంచం, కిటికీ కింద బల్ల. 'ఎవరూ లేని పెద్దవారికి మాత్రమే. అద్దె వద్దు.'

ఎవరూ లేని. ఆ రెండు మాటలూ ఆమె రెండుసార్లు చదివింది.

ఇచ్చినవాళ్ళు ఎవరో, ఇల్లు ఎక్కడో ఒక్క ముక్క కూడా లేదు. ఫొటోకి అడ్డంగా మాత్రం పెద్ద ఎర్రక్షరాలు, గంట కిందటే పెట్టినవి:

'ఇచ్చేశాం. పెద్దావిడ ఈ సాయంత్రమే వచ్చేస్తున్నారు.'